రాళ్లహట్టి బోరింగుకు చర్చి పెద్ద

1986లో నేను కన్నడ రాష్ట్రంలోనే ఉన్నా తెలుగు మాట్లాడే పావగడ తాలూకాలో హ్యాండ్‌పంపు మెకానిక్‌గా పనిచేస్తున్నాను. అది వరసగా రెండో ఏడు కరువు. శెనక్కాయ విత్తిన చేలల్లో మొక్క జానెడు లేచి, అక్కడే ఎండి, గొర్రెల మేతకు కూడా పనికిరాకుండా పోయింది. బావులు అడుగంటాయి. చాలా ఊళ్లలో తాగునీటికి మిగిలింది గవర్నమెంటు వేసిన బోరింగు ఒక్కటే. అది చెడిపోతే జనానికి దేవుడి తర్వాత గుర్తొచ్చేది నేను. కొన్ని ఊళ్లలో దేవుడికంటే ముందే గుర్తొచ్చేవాణ్ణి. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

పంపు సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పైన మనకు కనిపించేది హ్యాండిల్. అది ఒక లావుపాటి ఇనుప కడ్డీ మీద ఊగుతుంది, ఆ కడ్డీని యాక్సిల్ అంటాం. హ్యాండిల్ కొసకు సైకిల్ చైను లాంటి చైను ఉంటుంది. చైనుకు కనెక్టింగ్ రాడ్లు, అంటే ఒకదాని కింద ఒకటి మరతో బిగించిన సన్నటి కడ్డీలు. అవి పైపుల లోపలగా దిగి, అడుగున ఉన్న సిలిండర్లో తోలు వాషర్లను పైకీ కిందికీ ఆడిస్తాయి. ఆ పైపుల్ని రైజర్ పైపులంటాం. ఒక్కొక్కటి పది అడుగులు. నీళ్లు వాటిలోంచే పైకొస్తాయి. ఈ కథకు ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

బలసముద్రం దాటి, రోడ్డు దిగి, గుట్టల మధ్య రెండు మైళ్లు నడిస్తే రాళ్లహట్టి కాలనీ. నలభై ఇళ్లుంటాయేమో. అందరూ క్రైస్తవులు, అందరూ ఒకరికొకరు చుట్టాలు, అందరూ కూలి చేసుకుని బతికేవాళ్లు. ఆ నలభై ఇళ్లకు మూడు చర్చిలు. సున్నం కొట్టి, అద్దాల పెట్టెలో మరియమాత బొమ్మ పెట్టుకున్నది మాత గుడి. తాతల కాలంలో దొరలు కట్టించింది రాతి చర్చి. ఈమధ్యనే రేకులు వేసి లేపింది రేకుల మందిరం. పేర్లు నేను పెట్టినవి కావు, ఊళ్లో అందరూ అలాగే పిలిచేవారు.

మూడింటిలో ప్రతిదీ అసలైన సంఘం తనదేనని చెప్పేది. మాత గుడిలో ఫాదర్ నెలకొకసారి వస్తే, మిగతా రోజులు ఉపదేశి జోజప్పే అన్నీ చూసుకునేవాడు. ఆయన మాట ప్రకారం యేసు తన పెద్ద శిష్యుడికి తాళంచెవులిచ్చాడు, అవి చేతులు మారుతూ ఎక్కడా తెగకుండా ఇప్పటిదాకా వచ్చింది తమ గుడికే, తక్కినవన్నీ మధ్యలో విడిపోయిన కొమ్మలు. రాతి చర్చి పెద్ద దేవదానం దానికి ఒప్పుకునేవాడు కాదు. చేతులు మారుతూ వచ్చిన దాంట్లో చేతి మురికి కూడా చేరుతుందని, వాక్యం ఎక్కడ నిలబడితే అదే సంఘమని ఆయన వాదం. రేకుల మందిరం నడిపే ఏబేలు ఇద్దరినీ కొట్టిపారేసేవాడు. హిందూపురం మిల్లులో నాలుగేళ్లు పనిచేసి ఆ విశ్వాసంతో తిరిగొచ్చినవాడు అతను. ఊహ తెలియని పసిపిల్లల నెత్తిన నీళ్లు చిలకరిస్తే అది బాప్తిస్మమే కాదని, తెలిసి నమ్మి నిండా మునిగినవాళ్లే సంఘమని, మొదటి రోజుల్లో అలాగే జరిగిందని చెప్పేవాడు. ముగ్గురిలో ఎవరు మాట్లాడుతుంటే వాళ్లదే నిజమనిపించేది నాకు.

ఇందులో తమాషా ఏమిటంటే, జోజప్ప చెల్లెలు ఎస్తేరమ్మ. ఆమెకు దేవదానం స్వయానా బావ, పోయిన మొగుడికి అన్న. ఏబేలు ఆమె కడుపున పుట్టిన కొడుకు. బాలవాడి రోజుల నుంచీ ఇరవై ఏళ్లుగా ఆమె ఆ కాలనీలో ఆయా. తర్వాత అది అంగనవాడి అయింది. పిల్లలకు ఉప్మా వండి పెట్టి, నాలుగు అంకెలు, నాలుగు అక్షరాలు నేర్పేది. ఆదివారం మూడు చోట్లా గంట మోగితే మూడు చోట్లకూ కొంచెం కొంచెంసేపు వెళ్లేది. అందుకే మూడు చోట్లా ఆమె పూర్తిగా తమ మనిషి కాదనేవారు. అన్నకు ఆమె వేరే చోట పెళ్లి చేసుకుని దారి తప్పిన మనిషి. బావకు ఇంకా జపమాల వదలని మనిషి. కొడుకుకు, చెప్పడానికి అతను బాధపడేవాడు గానీ, ఇంకా మునగని మనిషి.

1983లో ఆ కాలనీకి బోరింగు బిగించింది నేనే. శాంక్షన్ కాగితం కన్నడంలో టైపు చేసి వచ్చింది. ప్రతి పంపుకూ ఒక కార్డు ఉంటుంది, దాని మీద కేర్‌టేకర్, అంటే ఆ పంపును కనిపెట్టుకుని ఉండే మనిషి, సంతకం చేయాలి. మామూలుగా అక్కడ ఊరి మెంబరు పేరు ఉంటుంది. ఇది క్రైస్తవ కాలనీ కదా అని ఎవరో గుమాస్తా ఆ గీత కింద ‘చర్చి పెద్ద’ అని టైపు కొట్టేశాడు. ఒక చర్చి, ఒక పెద్ద ఉంటాడనుకున్నాడు పాపం.

ముగ్గురూ ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. నా ఎదుటే తగువు మొదలుపెట్టారు. నాకు ఎండలో కడుపు కాలుతోంది. మీరు మీరు తేల్చుకుని పేరు రాసి పంపండని కార్డు వాళ్ల చేతిలో పెట్టి వచ్చేశాను. ఆ గీత ఖాళీగానే ఉండిపోయింది. కేర్‌టేకర్ సంతకంతో పోస్టుకార్డు వస్తేనే మేం రిపేరుకు కదలాలన్నది మా ఆఫీసు నియమం. పంపు కొత్తది కాబట్టి దాని గురించి నేను ఆలోచించలేదు.

కరువు ముదిరేసరికి బోరులో నీళ్లు కిందికి దిగాయి. బిందె నిండడానికి చేతులు పడిపోయేవి. మూడు సంఘాలూ వంతులు పెట్టుకున్నాయి. అదే సమయంలో రేకుల మందిరం వెనక ఏబేలు సిమెంటు తొట్టి కట్టించాడు, మనిషి మునిగేంత లోతు. తాగడానికి లేకుంటే మునగడానికి నీళ్లా అని మిగతా ఇద్దరూ మండిపడ్డారు. తన వంతు నీళ్లే దాచుకుంటున్నానని ఏబేలు, దొంగతనంగా కొడుతున్నాడని వాళ్లు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆ ఒప్పందం లాంటిది నా సర్వీసులో ఇంకెక్కడా చూడలేదు.

ఆ జనవరిలో వేరే ఊరికి పోతూ రాళ్లహట్టిలో ఆగాను. పంపు మీద హ్యాండిల్ లేదు. యాక్సిల్ లేదు. చైను లేదు. మొండెం ఒక్కటే నిలబడి ఉంది. ఎవరో ఎత్తుకుపోయారనుకుని కంగారుపడుతుంటే, మాత గుడి వైపు నుంచి జోజప్ప ఎర్రగుడ్డలో చుట్టిన యాక్సిల్‌ను రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. రాతి చర్చి బీరువాలోంచి తీసిన చైనుతో దేవదానం వచ్చాడు. హ్యాండిల్‌ను భుజాన వేసుకుని ఏబేలు వచ్చాడు. ముగ్గురూ మాటామంతీ లేకుండా పంపు బిగించారు. గంటసేపు ఊరంతా నీళ్లు కొట్టుకున్నాక మళ్లీ విప్పి, ఎవరి సామాను వాళ్లు పట్టుకెళ్లారు. రోజూ రెండుసార్లు ఇదే తంతు. ముగ్గురూ లేకుండా ఒక్క చుక్క రాదు, ఒకరినొకరు మోసం చేసుకునే వీలే లేదు.

నేను పడీపడీ నవ్వాను. ఇట్లా రోజూ విప్పి బిగిస్తే రాడ్ మీద మర అరిగిపోతుందప్పా అని ఒక మాట అన్నాను గానీ, నవ్వుతూ అన్న మాటను ఎవరు పట్టించుకుంటారు? మడకశిర దాకా ప్రతి టీ కొట్టులోనూ ఆ కథ చెప్పి నలుగురినీ నవ్వించాను. ఆ రోజే గట్టిగా కేకలేసి, చైను బిగించి, ఎవరో ఒకరి చేత సంతకం పెట్టించి రావాల్సింది. అలా చేయలేదు. అది నా తప్పు, ఇప్పటికీ ఒప్పుకుంటాను.

ఏప్రిల్‌లో ఒక సోమవారం పొద్దున ఎస్తేరమ్మ పావగడలో మా షెడ్డు దగ్గరికి వచ్చింది. రోడ్డు దాకా నడిచి, బస్సు పట్టుకుని వచ్చిందట. కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము.

“మేస్త్రీ, పైపులన్నీ బోరులోకి పడిపోయినాయి,” అంది.

ఎవరు విప్పారని అడిగాను.

“నా కొడుకే. బేస్తవారం నాడు మర జారిపోయి చైను ఊడొచ్చింది. నీకు కార్డు రాద్దామంటే చర్చి పెద్దని ఎవురు సంతకం పెట్టాలని రెండు దినాలు కొట్లాడినారు. నిన్నటి ఆదివారం పదకొండు మందికి బాప్తిస్మం ఉండె. వాడు ఇంక తట్టుకోలేక శనివారం పిల్లోళ్లను పెట్టుకుని పైపులు లాగినాడు. ముడి జారింది.”

పైపులు లాగేటప్పుడు కింది పైపుల బరువు పట్టుకోవడానికి క్లాంప్ అనే ఇనుప పట్టు వేస్తాం. ఏబేలు దగ్గర క్లాంప్ లేదు, బండి మోకు ముడి వేశాడు. పది పైపులూ సిలిండర్‌తో సహా బోరు అడుక్కి వెళ్లిపోయాయి. కూర్చోమంటే ఆమె కూర్చోలేదు.

“నీళ్లు లేకపోతే అంగనవాడి మూసి, రవ్వ మూటలు ఇంకో ఊరికి తోలుకుపోతామని సూపరైజరమ్మ చెప్పింది మేస్త్రీ. ఆ ఉప్మా తప్ప ఈ ఎండాకాలం పిల్లోళ్ల కడుపులో ఇంకేం పడదు. ఆ పక్క రైతు బావికి మూడు మైళ్లు. నేనెన్ని బిందెలు మోసేది?”

టీ కొట్లలో నేను నవ్వించిన నవ్వులన్నీ అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆమెను వెంటబెట్టుకుని జెఈ సారు దగ్గరికి వెళ్లాను. ఆయన తుమకూరు వైపు కన్నడం మాట్లాడే కుర్ర ఇంజినీరు, మంచివాడే, కానీ ఆయన ముందు ఊళ్ల జాబితా ఇంత పొడుగు ఉంది. పైపులు పడిన బోరును అబాండన్ కింద రాసేయడం ఆ రోజుల్లో మామూలు. అబాండన్ అంటే ఆ బోరు నోరు సిమెంటుతో మూసి, ఊరి పేరు మళ్లీ జాబితా చివరికి తోయడం. మళ్లీ వంతు వచ్చేసరికి ఆ పిల్లలు బడి ఈడు దాటిపోతారు.

బోరు బాగానే ఉంది సార్, పైపులు తీస్తాను, ఒక్క రోజు ఇవ్వండని బతిమాలాను. ఆయన నా మొహం, ఆమె మొహం చూసి, గురువారం నీది, శుక్రవారం పొద్దున నేనే వచ్చి చూసి రిపోర్టు రాస్తానన్నాడు.

గురువారం తెల్లవారగానే నేనూ, నా తోటి మెకానిక్ హనుమంతూ ట్రైపాడ్‌తో దిగాం. ట్రైపాడ్ అంటే మూడు కాళ్ల ఇనుప స్టాండు, పైన కప్పీ. బరువులెత్తే చైన్ పుల్లీ తాలూకా మొత్తానికి ఒక్కటే ఉండేది, అది ఇంకో హోబళిలో, అంటే తాలూకాలోనే ఇంకో భాగంలో, పనిలో ఉంది. కాబట్టి మనుషులే లాగాలి. పడిపోయిన పైపుల్ని పట్టే సాధనాన్ని ఫిషింగ్ ట్యాప్ అంటాం. గట్టి ఉక్కుతో చేసి, కొస సన్నగా, ఒంటి మీద పళ్లతో ఉంటుంది. దాన్ని వేరే పైపుల కొసకు బిగించి బోరులోకి దించి, కింద పడిన పైపు నోట్లో పెట్టి తిప్పితే, పళ్లు లోపలి గోడను కరుచుకుంటాయి. ఎనభై అడుగుల కింద జరిగేది కంటికి కనపడదు. పైన పట్టుకున్న పానాలో చేతికి తెలియాలి. నా చేతికి తెలిసేది.

ట్రైపాడ్ దగ్గర నేను నా అలవాటు ప్రకారం టెంకాయ కొట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ట్యాప్ దించాను. అరగంట వెతికాక పైపు నోరు దొరికింది, పళ్లు కరిచాయి. కాలనీ మగవాళ్లందరూ తాడు పట్టుకున్నారు, మూడు సంఘాలూ మూడు గుంపులుగా, మధ్య మధ్యన ఖాళీ వదిలి. ముందు ఎవరు నిలబడాలన్న దాని మీద కాసేపు నడిచింది. తర్వాత ఎవరి ప్రార్థన వాళ్లు చేసుకున్నారు. ప్రార్థన అయ్యాక లాగుతారనుకున్నాను. నిజంగానే లాగారు. కాకపోతే ఎవరి ఆమెన్‌కు వాళ్లు లాగారు. ముందు రాతి చర్చి వాళ్లు, తర్వాత మాత గుడి వాళ్లు. ఏబేలు ప్రార్థన పొడుగు, వాళ్లు చివర్న ఒక్క గుంజు గుంజారు. తాడు ఎగిరెగిరి పడింది. కింద పళ్లు జారాయి.

ఫిషింగ్‌లో గుంజడం పనికిరాదు. పైపులు అడుగున మట్టిలో దిగబడి ఉంటాయి, నిదానంగా, ఒక్కసారిగా, అందరూ కలిసి లాగి ఆపాలి. ఈ సంగతి విడమరిచి చెప్పాను. అందరూ తల ఊపారు. రెండోసారి ట్యాప్ కరిపించాను. ఈసారి ఎవరి మాట మీద లాగాలన్న గొడవ. గుడి గంట కొడతానని జోజప్ప, మీ గంటకు మేం లాగమని దేవదానం, మనుషులు మోగించే గంటలకు తమ సంఘం కదలదని ఏబేలు. ఇంతలో ఎవరో లాగనే లాగారు. మళ్లీ జారింది.

ట్యాప్ పైకి తీసి చూస్తే పళ్లు సగం అరిగిపోయాయి. ఆకురాయి పట్టుకుని ఒక్కో పన్నూ మళ్లీ దిద్దుతూ కూర్చున్నాను. ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంకొక్కసారి జారితే ఉక్కు మొద్దుబారిపోతుంది, రేపు జెఈ సారు వచ్చి సిమెంటు పోయిస్తాడని గట్టిగానే చెప్పాను. మూడు గుంపులూ మూడు వైపులకు చూశాయి.

అంగనవాడి అరుగు మీద ఎస్తేరమ్మ పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఇదంతా చూస్తోంది. చెంగు నడుముకు బిగించుకుని లేచి వచ్చి, ట్రైపాడ్ పక్కన నిలబడింది.

“అన్నా, బావా, ఏబేలూ. ముగ్గురూ ముందుకు రాండి. ఒకరి ఎనక ఒకరు నిలబడండి,” అంది. ఎవరు ముందని అడగబోయిన కొడుకు వైపు ఒక చూపు చూసింది. “ప్రార్థన లోపలే చేసుకోండి. నేను లెక్క చెప్తాను. మూరు అన్నప్పుడు లాగండి, మళ్లీ ఒందు అనేదాకా పట్టుకోండి. అంతే.”

ఆమె చెప్పింది కన్నడ లెక్క, ఒందు, ఎరడు, మూరు అంటే ఒకటి, రెండు, మూడు. ఆ కాలనీలో పాతికేళ్ల లోపు వాళ్లందరూ అంకెలు నేర్చుకున్నది ఆమె దగ్గర, ఆ అరుగు మీద, ఆ గొంతుతోనే. పెద్దవాళ్లు రోజూ పొద్దున పిల్లలు అరుస్తుంటే విన్నవాళ్లు. మాత గుడి పాటలు వేరు, రాతి చర్చి పాటలు వేరు, రేకుల మందిరం పాటలు వేరు. ఒందు, ఎరడు, మూరు మాత్రం అందరిదీ ఒకటే. అరుగు మీది పిల్లలు కూడా అందుకున్నారు, వాళ్లకు అది రోజూ ఉన్న పాఠమే కదా.

నేను మూడోసారి ట్యాప్ కరిపించాను. ఒందు. ఎరడు. మూరు. తాడు బిగిసింది. నిటారుగా, వణక్కుండా బిగిసింది. ఏమీ కదల్లేదు. ఒందు, ఎరడు, మూరు. నా అరచేయి పైపు మీద ఉంది. ఏడోసారో ఎనిమిదోసారో, అడుగున మట్టి వదిలిన సంగతి నా అరచేతికి తెలిసింది. పైపు వేలెడంత పైకొచ్చింది. హనుమంతు క్లాంప్ బిగించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత ఎవరూ నీళ్లు కూడా అడగలేదు. ఆమె లెక్క చెబుతూనే ఉంది, వాళ్లు లాగుతూనే ఉన్నారు. ముందు మా ఎనిమిది పైపులు ఒక్కొక్కటే పైకొచ్చాయి. ఎనిమిదోదాని కొసన ట్యాప్, ఆ ట్యాప్‌కు కరుచుకుని రాళ్లహట్టి పైపు నోరు బయటికి తొంగిచూసింది. ఏబేలు తాడు వదలకుండానే ఏడ్చేశాడు. జోజప్ప భుజం అతనికి ఆనుకునే ఉంది, ఆయన పక్కకు జరగలేదు. నాలుగు గంటలకల్లా పది పైపులూ, సిలిండర్‌తో సహా నేల మీద వరసగా పరిచాం. నా సర్వీసులో ఎన్నో బోర్లలోంచి పైపులు తీశాను. అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

శుక్రవారం తెల్లారేసరికి పనిలో దిగాం. సిలిండర్‌కు కొత్త తోలు వాషర్లు వేశాను. పై రాడ్ మీద అరిగిన ముక్క కోసేసి, డై పెట్టి కొత్త మర కోశాను. పైపులు దించడానికి మళ్లీ అదే తాడు, అదే లెక్క. చివరికి నేను చేయి చాపాను. జోజప్ప ఎర్రగుడ్డ విప్పి యాక్సిల్ ఇచ్చాడు. దేవదానం చైను ఇచ్చాడు. ఏబేలు హ్యాండిల్ దించాడు. అన్నీ బిగించి, చైను నట్టు మీద ఇంకో నట్టు వేసి, ఇక ఎవరూ చేత్తో విప్పలేనంత గట్టిగా పట్టించాను. ఇంకోసారి దీని సామాను ఏ గుడిలో కనపడినా నేను ఈ ఊరికి రానని చెప్పాను.

మొదట హ్యాండిల్ కొట్టింది ఎస్తేరమ్మ. పది కొట్లు, ఇరవై కొట్లు, గాలి తప్ప ఏమీ లేదు. ముప్పై దాటాక గుడగుడమంది. ఎర్రటి నీళ్లు వచ్చాయి, తర్వాత తేట నీళ్లు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని తోసుకొచ్చారు. పిల్లలు ధార కింద తలలు పెట్టేశారు. సరిగ్గా అప్పుడే జెఈ సారు జీపు గుట్ట మలుపు తిరిగింది. ఆయన దిగి దోసిలి పట్టి తాగి, రాసి తెచ్చిన అబాండన్ రిపోర్టును మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను అప్పుడు నిలబడినంత నిటారుగా నా పెళ్లిలో కూడా నిలబడలేదు.

తర్వాత ఆయన పంపు కార్డు అడిగాడు. ఖాళీ గీత చూసి, ఈ ఊళ్లో చర్చి పెద్ద ఎవరని కన్నడంలో అడిగాడు. మూడేళ్లుగా ఆ ప్రశ్న కోసమే కాచుకున్న ముగ్గురు మనుషులు ఎదురుగా ఉన్నారు. ఒక్కరూ కార్డుకు చేయి చాపలేదు. అందరి కళ్లూ పంపు వైపు తిరిగాయి. అక్కడ ఎస్తేరమ్మ ఇంకా హ్యాండిల్ కొడుతూనే ఉంది.

ముందు జోజప్ప కదిలాడు. “ఎస్తేరు పెట్టనీ సారూ. మా గుడిలో జ్ఞానస్నానం తీసుకున్న బిడ్డే,” అన్నాడు.

“మా ఇంటి కోడలు,” అన్నాడు దేవదానం. “పెండ్లయినప్పటి నుంచి మా సంఘం మనిషే కదప్పా.”

ఏబేలు తల వంచుకుని, “మా అమ్మ. మాతోనే ఉండాది,” అన్నాడు.

అసలైన సంఘం ఎవరిదన్న తగువు పోయి, ఆమె ఎవరి మనిషన్న తగువు మొదలయ్యేలా ఉంది. జెఈ సారు అయోమయంగా నా వైపు చూశాడు. ఎస్తేరమ్మ తడి చేయి చెంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

“ఇన్నేండ్లూ ముగ్గురూ కాదన్నారు, ఈపొద్దు ముగ్గురూ మాదంటాండారు. నాకు సంతోషమే,” అంది. “ముగ్గురి మనిషినే నేను. మేస్త్రీ, పానా ఒకటి నాకిచ్చి పో. ఎట్ల బిగించాలో చూపించు.”

జీపు బానెట్ మీద కార్డు పెట్టి, ఒక్కో అక్షరమూ దిద్దుతూ, ‘చర్చి పెద్ద’ అన్న టైపు మాట పైన సంతకం చేసింది. నా పెట్టెలోని పానాల్లో మంచిది తీసి ఆమెకిచ్చాను. స్టోరు లెక్కలో అది పోయినట్టు రాసుకున్నాను.

ఆ తగువు తీరిపోయిందని అనుకోవద్దు. ఆ ఆదివారం ఏబేలు తొట్టి నింపి పదకొండు మందికి బాప్తిస్మం ఇచ్చాడు. నీళ్లకు అనుమతి ఎస్తేరమ్మ ఇచ్చింది, ఒక షరతు మీద. మునగడం అయిపోగానే ఆ నీళ్లతో రాతి చర్చి వాళ్ల గొడ్లకూ, మాత గుడి ముందున్న మొక్కలకూ పోయించింది. పైపులు పైకొచ్చింది తమ ప్రార్థన వల్లనేనని మూడు చోట్లా సాక్ష్యం చెప్పుకున్నారని తర్వాత తెలిసింది. నేను కొట్టిన టెంకాయ మాట ఎవరూ ఎత్తలేదు. ఎవరిది అసలైన సంఘమో వాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉంటారు, వాదించుకోనీ. అది నా పని కాదు, తేల్చే చదువూ నాకు లేదు.

నా పనికి సంబంధించి ఆ కేసు ఒకటి నేర్పింది. మర అరగడం, ముడి జారడం తర్వాతి సంగతులు. ఆ పంపులో మొదటి రిపేరు నేను బిగించిన రోజే ఉంది, ఆ కార్డు మీది ఖాళీ గీత. దాన్ని నేను నవ్వి వదిలేశాను. ఆ తర్వాత ఏ ఊళ్లోనూ ఆ గీత ఖాళీగా వదల్లేదు. పెద్దమనుషుల్ని అడగడం మానేసి, ఆ ఊళ్లో ఎక్కువ బిందెలు మోసేది ఎవరో చూసి ఆమె చేత సంతకం పెట్టించేవాణ్ణి. కొత్తలో నవ్వినవాళ్లు తర్వాత నవ్వడం మానేశారు.

రాళ్లహట్టి నుంచి తర్వాత పన్నెండేళ్లూ ఒక్క రిపేరు ఫిర్యాదు రాలేదు. ఏడాదికొకసారి మాత్రం తోలు వాషర్లు రెండు పంపమని పోస్టుకార్డు వచ్చేది. అక్షరాలు ఏటేటా కుదురుగా అయ్యాయి. కింద ఎప్పుడూ ఒకటే రాసి ఉండేది: ఎస్తేరమ్మ, చర్చి పెద్ద, రాళ్లహట్టి.